విశాఖపట్నం జనగణన: జనాభా, గృహ గణాంకాల పరిచయం

విశాఖపట్నం జనాభా ఎంత? ఈ ప్రశ్నకు ఒకే జనగణన నుంచి మూడు జవాబులు వస్తాయి. 2011 లెక్కల ప్రకారం విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. అవే లెక్కల ప్రకారం మహా విశాఖ నగరపాలక సంస్థ జనాభా 17,28,128. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లాను విడదీసి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పాటు చేశాక మిగిలిన విశాఖపట్నం జిల్లాకు 2011 అంకెలనే మళ్లీ కూడితే వచ్చేది 19,59,544. మూడు అంకెలూ సరైనవే. వాటిని వేరు చేసేది హద్దు ఒక్కటే. అందువల్ల జనగణన అంకె కనబడగానే అది ఏ హద్దుకు, ఏ తేదీకి, ఏ నిర్వచనానికి చెందినదో అడగాలి. ఈ మూడూ తెలియని అంకెతో వాదనకు దిగితే తప్పుడు నిర్ణయానికే చేరతాం. రేవు, ఉక్కు, నౌకాదళం, కొండవాలు బస్తీలు, దూరాన మన్యం, అన్నీ ఒకే పేరు కింద ఉన్న విశాఖ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

హద్దులు మారిన జిల్లా

మద్రాసు ప్రెసిడెన్సీలో తొలి జనగణన 1871లో జరిగింది. దేశమంతటా ఒకే సమయంలో లెక్క తీయడం 1881లో మొదలైంది. అప్పటి విజాగపటం (విశాఖపట్నం) జిల్లా ఆ ప్రెసిడెన్సీలోని అతి పెద్ద జిల్లాల్లో ఒకటి. నేటి ఒడిశాలోని కోరాపుట్, జయపురం ప్రాంతాలు అందులోవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు అవి విడిపోయాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పైన చెప్పిన రెండు జిల్లాలు వేరుపడ్డాయి. కాబట్టి 1901 నాటి జిల్లా జనాభాను 2011 నాటి జిల్లా జనాభా పక్కన పెట్టి ఇంత పెరిగింది, ఇంత తగ్గింది అనడానికి వీల్లేదు. జనగణన శాఖ తన పట్టికల్లో పాత దశాబ్దాల అంకెలను కొత్త హద్దులకు సర్దుబాటు చేసి ఇస్తుంది. పోలికకు ఆ సర్దుబాటు అంకెలనే తీసుకోవాలి.

2011 నాటి జిల్లా విస్తీర్ణం 11,161 చదరపు కిలోమీటర్లు. ఇందులో సగానికి పైగా పాడేరు, అరకు, చింతపల్లి వైపున్న పదకొండు మన్యం మండలాలే. అక్కడ ఉన్నది సుమారు 6 లక్షల మంది. జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 384 అని పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ అంకె కంచరపాలెం సందులకూ వర్తించదు, ముంచంగిపుట్టు కొండలకూ వర్తించదు. అక్షరాస్యత కూడా అంతే. జిల్లాలో 66.91 శాతం, నగరంలో 81.79 శాతం. ఈ పదిహేను శాతం పాయింట్ల తేడాకు మన్యం, మైదాన పల్లెల వెనుకబాటే కారణం. జిల్లా సగటును మాత్రమే చూసి పథకాలు వేస్తే మన్యం బడులు కనుమరుగవుతాయి. సగటు అంకెలతో వచ్చే అన్యాయం ఇదే.

చేపల రేవు నుంచి మహానగరం దాకా

1901లో విశాఖపట్నం పట్టణ జనాభా సుమారు 41 వేలు. తర్వాతి ఇరవై ఏళ్లలో నాలుగు వేలకు మించి పెరగలేదు. 1911, 1921 మధ్య దేశ జనాభాయే కొద్దిగా తగ్గింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి అందుకు ముఖ్య కారణం. దేశ జనాభా మళ్లీ తగ్గకపోవడంతో జనాభా శాస్త్రజ్ఞులు 1921ని విభజన రేఖగా చెబుతారు. 1931లో విశాఖ జనాభా 57 వేలు. రెండేళ్ల తర్వాత, 1933లో, కొత్త హార్బరు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు జనం ఊరు విడిచి పోయారు. కానీ పదేళ్లకోసారి తీసే లెక్కలో మధ్యలో జరిగిన ఆ వలస, తిరిగి రావడం కనిపించవు. 1941 పట్టికకూ 1951 పట్టికకూ మధ్య మిగిలేది పెరుగుదల మాత్రమే. 1951లో నగరం తొలిసారి లక్ష దాటింది.

తర్వాత వేగం పెరిగింది. చమురు శుద్ధి కర్మాగారం, భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ (బీహెచ్‌పీవీ), ఎరువుల కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1971 నాటికి జనాభా మూడున్నర లక్షలైంది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో 1966లో 32 మంది ప్రాణాలర్పించారు. ఉక్కు కర్మాగారాన్ని 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రకటించి, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. దాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982లో ఏర్పడింది, 1992 ఆగస్టు 1న కర్మాగారం జాతికి అంకితమైంది. కర్మాగార నిర్మాణం ముమ్మరంగా సాగిన 1981, 1991 మధ్య నగర సముదాయ జనాభా సుమారు 6 లక్షల నుంచి 10,57,118కి చేరింది. దశాబ్దంలో 75 శాతం దరిదాపు పెరుగుదల. ఆ లెక్కలోనే విశాఖ పది లక్షలు దాటిన నగరాల జాబితాకెక్కింది. అందులో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికి వచ్చినవారు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన సాంకేతిక సిబ్బంది, కర్మాగారానికి భూములిచ్చి పునరావాస కాలనీలకు మారిన కుటుంబాలు, అందరూ ఉన్నారు. ఈ చివరివారు కొన్ని మైళ్లే కదిలారు. జీవనోపాధి మాత్రం మొత్తం మారిపోయింది. జనాభా మొత్తాల్లో ఈ మార్పు కనబడదు. వృత్తుల పట్టికల్లో వ్యవసాయదారుల గడి ఖాళీ అవుతుంటే, వలసల పట్టికల్లో కారణం గడి నిండుతుంటే తెలుస్తుంది.

ఇక్కడ నగర సముదాయం అన్న మాట గమనించాలి. నగరపాలక సంస్థ హద్దులోని జనాభా ఒకటి, దాన్ని ఆనుకుని పెరిగిన ఊళ్లను కలిపి జనగణన శాఖ చెప్పే సముదాయ జనాభా ఇంకొకటి. 2001లో నగరపాలక సంస్థ జనాభా పది లక్షలకు కొంచెం తక్కువ. గాజువాక పురపాలక సంఘం, ఉక్కునగరం వంటివి కలిసిన సముదాయానిది 13 లక్షలకు పైమాటే. 2005 నవంబరులో గాజువాకనూ 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. ఆ తర్వాత వచ్చిన 2011 అంకె 17,28,128. ఇప్పుడు పాత నగరపాలక సంస్థ అంకెతో పోలిస్తే పదేళ్లలో 75 శాతానికి పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. సముదాయం అంకెతో పోలిస్తే పెరుగుదల 30 శాతం దరిదాపు. రెండోదే నిజానికి దగ్గర. మొదటి దానిలో పెరిగింది మనుషుల కన్నా హద్దు. విశాఖ అతివేగంగా పెరుగుతోందని చెప్పే చాలా వ్యాసాలు ఈ మొదటి పోలిక మీదే నిలబడి ఉంటాయి కనుక దీన్ని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

హద్దు అక్కడితో ఆగలేదు. 2013లో భీమునిపట్నం, అనకాపల్లి పురపాలక సంఘాలూ నగరంలో కలిశాయి. 2011 నాటి వార్డులు 72, ఇప్పుడు 98. ఇంకో చిక్కు కూడా ఉంది. అనకాపల్లి పట్టణం పాలన నగరపాలక సంస్థది, జిల్లా మాత్రం అనకాపల్లి. రాబోయే లెక్కల్లో జిల్లా పట్టిక నుంచి నగరం అంకెను తీయాలనుకునేవారు ఈ ఒక్క సంగతి మరిచిపోతే లెక్క తప్పుతుంది.

నగర జనసాంద్రతనూ ఇలాగే చూడాలి. 2005 తర్వాత నగర విస్తీర్ణం 500 చదరపు కిలోమీటర్లు దాటింది. జనాభాను దానితో భాగిస్తే చదరపు కిలోమీటరుకు మూడు వేల పైచిలుకు వస్తుంది. కానీ ఆ విస్తీర్ణంలో ఉక్కు కర్మాగారం, రేవు, విమానాశ్రయం, నౌకాదళ స్థావరాలు, సింహాచలం కొండలు ఉన్నాయి. మనుషులు నివసించే నేల అందులో కొంతే. వన్‌టౌన్, జాలారిపేట, అల్లిపురం ఇరుకును తెలుసుకోవాలంటే వార్డు పట్టికకు వెళ్లక తప్పదు.

ఇల్లు అంటే ఏది

మన దేశంలో జనగణన రెండు విడతల్లో జరుగుతుంది. మొదట ఇళ్ల జాబితా, గృహ గణన. తర్వాత జనాభా గణన. 2011 లెక్కలకు మొదటి విడత 2010లో సాగింది. రెండోది 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. మార్చి 1 అర్ధరాత్రి 00:00 గంటలను ప్రమాణ క్షణంగా తీసుకుని, మార్చి 1 నుంచి 5 వరకు ఎన్యూమరేటర్లు మళ్లీ ఇంటింటికీ వెళ్లి, ఆ క్షణం లోపు జరిగిన జనన మరణాలను బట్టి లెక్కను సరిదిద్దారు. నిలువ నీడ లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. రైల్వే స్టేషను బయట, ఆర్టీసీ కాంప్లెక్స్ అరుగుల మీద, ఫ్లైఓవర్ల కింద పడుకునేవారిని ఎక్కడ పడుకుంటే అక్కడే నమోదు చేయడం ఆ రాత్రి పని.

జనగణనలో ఇల్లు, కుటుంబం అన్న మాటలకు రోజువారీ అర్థం కాదు. వేరే ప్రవేశ ద్వారం ఉండి విడి భాగంగా వాడుకునే కట్టడమో, కట్టడంలోని భాగమో ఒక జనగణన గృహం. అందుకే దుకాణం, గుడి, బడి, ఖాళీ ఫ్లాటు కూడా గృహాల లెక్కలోకి వస్తాయి. 2011లో దేశంలో 33 కోట్లకు పైగా జనగణన గృహాలుంటే, కుటుంబాలు 24.67 కోట్లు. ఇళ్లు మిగిలిపోతున్నాయని ఈ రెండు అంకెలను చూపి వాదించడం పొరపాటు. వాటిలో సుమారు 2.47 కోట్లే ఖాళీ. మిగతా తేడాలో అధిక భాగం దుకాణాలు, కార్యాలయాలు, ఇతర వాడుకలది.

కుటుంబం అంటే ఒకే వంటగదిలో వండింది తింటూ కలిసి ఉండేవారు. రక్త సంబంధం ఉండనక్కర్లేదు. గాజువాకలో ఒక గది అద్దెకు తీసుకుని కలిసి వండుకునే నలుగురు కాంట్రాక్టు కార్మికులు ఒక కుటుంబం. ఒకే డాబాలో కింద తల్లిదండ్రులు, మేడ మీద కొడుకు కోడలు వేరు పొయ్యి పెట్టుకుంటే రెండు కుటుంబాలు. హాస్టళ్లు, జైళ్లు, అనాథాశ్రమాల్లో ఉండేవారిని సంస్థాగత కుటుంబాలుగా లెక్కిస్తారు. నౌకాదళం వంటి రక్షణ ప్రాంతాలకు ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది, అక్కడి లెక్క అక్కడి అధికారులే తీస్తారు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది కనుక నగర లెక్కల్లో ఈ భాగం చిన్నది కాదు.

గృహ గణనలో గోడ, నేల, పైకప్పు దేనితో కట్టారో, ఇల్లు మంచి స్థితిలో ఉందా, ఉండదగినదా, శిథిలమా అన్నది నమోదు చేస్తారు. గదులు, దంపతుల సంఖ్య, తాగునీరు, మరుగుదొడ్డి, స్నానాల గది, వంట ఇంధనం, టీవీ, ఫోను, వాహనం వంటివీ అడుగుతారు. నివాస గది అనాలంటే కనీసం రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉండాలి. ఎవరైనా కాళ్లు చాపి పడుకోగలిగేంత చోటు. వంటగది, స్నానాల గది ఇందులోకి రావు. తాగునీరు ఇంటి ఆవరణలో ఉందా, దగ్గర్లో ఉందా, దూరంగా ఉందా అన్న ప్రశ్నకు పట్టణంలో వంద మీటర్లు, పల్లెలో అరకిలోమీటరు కొలత. కాబట్టి దగ్గర అన్న గడిలో పడ్డ పల్లె ఇల్లాలు, పట్నం ఇల్లాలు మోసే బిందె బరువు ఒకటే అయినా నడిచే దూరం ఒకటి కాదు.

మురికివాడల అంకె

2011 గణాంకాల్లో విశాఖను దేశమంతటా చర్చకు పెట్టిన అంకె ఒకటుంది. పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల్లో ఉండే కుటుంబాల శాతం అన్నిటికన్నా ఎక్కువ విశాఖలోనే: 44.1 శాతం. తర్వాత జబల్‌పూర్ 43.3, ముంబై 41.3, విజయవాడ 40.6. దేశంలోని పట్టణ కుటుంబాల సగటు 17.4. ధారావి ఉన్న ముంబైని విశాఖ మించిపోయిందా అని చాలామంది ఆశ్చర్యపోయారు.

నిర్వచనం చూస్తే విషయం అర్థమవుతుంది. జనగణన మురికివాడలను మూడు రకాలుగా తీసుకుంటుంది. చట్టప్రకారం ప్రభుత్వం ప్రకటించినవి, అధికారికంగా ప్రకటించకపోయినా స్థానిక సంస్థలు గుర్తించినవి, ఈ రెండింటిలోనూ లేకుండా జనగణన సిబ్బందే గుర్తించినవి. మూడో రకానికి కనీసం 300 మంది జనాభా, ఇరుకైన నాసిరకం కట్టడాలు, అపరిశుభ్ర పరిసరాలు, అరకొర వసతులు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో మురికివాడల అభివృద్ధి చట్టం 1956 నుంచి ఉంది. ఒక బస్తీని ప్రకటిస్తేనే రోడ్లు, దీపాలు, కుళాయిలకు నిధులు వస్తాయి కనుక ఇక్కడ ప్రకటించడం విస్తృతంగా జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 35.7 శాతం పట్టణ కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయని 2011 చెప్పింది. రాష్ట్రాల్లో అదే అత్యధికం. బస్తీలో రేకుల షెడ్డు పోయి శ్లాబు ఇల్లు వచ్చినా, సిమెంటు రోడ్డు పడినా, జాబితాలో పేరు మిగిలే ఉంటుంది.

అంటే 44.1 శాతం కుటుంబాలు గుడిసెల్లో ఉన్నాయని కాదు. అలాగని ఈ అంకె కాగితాలకే పరిమితమనీ కాదు. విశాఖ భూస్వరూపం అందుకు సాక్ష్యం. తూర్పున సముద్రం, ఉత్తర దక్షిణాల్లో కొండలు, మధ్యలో రేవుకూ రైల్వేకూ పరిశ్రమలకూ పోయిన చదును నేల. పనికోసం వచ్చినవారికి మిగిలింది కొండవాలు. కంచరపాలెం, ఆరిలోవ వైపు కొండల మీద మెట్లు మెట్లుగా ఇళ్లు లేచాయి. మీదకు పోయేకొద్దీ కుళాయికి నీరెక్కదు, వానాకాలంలో మట్టి జారుతుంది, పట్టా దొరకదు. ముంబై, విశాఖల మధ్య ఎవరు మొదటి స్థానమన్న చర్చ కన్నా, మురికివాడల గృహ పట్టికలో నీళ్లు, మరుగుదొడ్డి, గదుల గడులు చూడటం ఎక్కువ మేలు. ఒక బస్తీని జాబితా నుంచి తీసేయాలా ఉంచాలా అన్నది ఆ గడులను బట్టే తేల్చాలి.

ఆడ, మగ లెక్క

2011లో పాత జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవారికి 1006 మంది ఆడవారున్నారు. నగరంలో 978. రేవుకు, ఉక్కుకు, నౌకాదళానికి మగవారు ఒంటరిగా రావడం నగరం అంకెను తగ్గిస్తుంది. వారు విడిచి వచ్చిన పల్లెల్లో అదే అంకె పెరుగుతుంది. ఆరేళ్లలోపు పిల్లల నిష్పత్తి వేరే కథ. నగరంలో ఆ వయసు మగపిల్లలు 84,298, ఆడపిల్లలు 79,831. వెయ్యికి 947. వలస దీన్ని వివరించలేదు, ఆరేళ్ల పిల్లలు పనికోసం వలస రారు. పుట్టుకలో మగపిల్లలు సహజంగానే కొంచెం ఎక్కువ కనుక, ఆడశిశువు పుట్టుకను అడ్డుకునే ధోరణి చదువుకున్న నగరంలోనూ ఉందని ఈ ఒక్క అంకెతో చెప్పలేం. నగరంలో పురుషుల అక్షరాస్యత 87 శాతం, స్త్రీలది 76. అక్షరాస్యతను ఏడేళ్లు, ఆపైబడినవారికే లెక్కిస్తారు, 1991 నుంచి ఇదే పద్ధతి. అంతకు ముందు దశాబ్దాలతో పోల్చేటప్పుడు ఈ మార్పును లెక్కలోకి తీసుకోవాలి.

పట్టికలు, పొరపాట్లు, గోప్యత

పట్టికల్లో ప్రాంతాన్ని పేరుతో కాక సంకేతంతో వెతకడం మేలు. 2011లో ఆంధ్రప్రదేశ్ సంకేతం 28, విశాఖపట్నం జిల్లాది 544. ప్రాథమిక జనగణన సారాంశంలో ప్రతి గ్రామం, ప్రతి వార్డు జనాభా, అక్షరాస్యులు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, పనివారి అంకెలు ఉంటాయి. ఏడాదిలో 183 రోజులు, అంతకు మించి పనిచేసినవారే ప్రధాన శ్రామికులు. జీడి, మామిడి, చేపల పనుల్లో కొన్ని నెలలే పని దొరికే స్త్రీలు ఉపాంత శ్రామికుల గడిలో పడతారు, లేదా ఎన్యూమరేటరు సరిగా అడగకపోతే పనే చేయనివారిగా మిగిలిపోతారు.

చేపల వేటను మరో రకంగానూ చూడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. గృహ గణన ఆ రోజుల్లో జరిగితే మత్స్యకారులు ఇళ్ల దగ్గరే దొరుకుతారు. జనాభా గణన ఫిబ్రవరిలో కనుక బోట్లు రోజుల తరబడి నడిసంద్రంలో ఉంటాయి. గణన కాలంలో కొన్నాళ్లయినా ఇంటి దగ్గరున్నవారిని ఆ ఇంటి లెక్కలోనే చేర్చాలన్న నియమం వీరిని కాపాడుతుంది. ఆ నియమం ఇంటివాళ్లకూ ఎన్యూమరేటరుకూ తెలిసి ఉండాలి.

లెక్క ముగిశాక నమూనా బ్లాకుల్లో మళ్లీ లెక్కించి పొరపాటును కొలుస్తారు. 2011లో దేశం మొత్తం మీద వెయ్యికి 23 మంది తప్పిపోయినట్టు తేలింది. ఇది దాచని లోపం, అందుకే గౌరవించదగింది. 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షను ప్రకారం వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపరు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. ఇంటి పన్ను పెరుగుతుందని అద్దె పోర్షన్లను దాచే యజమానులు ఈ సెక్షను గురించి తెలుసుకోవాలి.

2011 తర్వాత

2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యం అందాలన్న పరిమితి కూడా 2011 జనాభా మీదే ఆధారపడి ఉంది. ఈలోగా మధురవాడ, కొమ్మాది వైపు అపార్ట్‌మెంట్లు వరసకట్టాయి. ఆ కొత్త జనానికి నీళ్లు, బడులు, బస్సులు పాత అంకెతోనే పంచుతున్నారు.

కొత్త జనగణనకు కేంద్రం 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రమాణ తేదీ 2027 మార్చి 1. ఇళ్ల జాబితా విడతను 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య రాష్ట్రాల వారీగా నిర్వహించాలని నిర్ణయించారు. ఈసారి నమోదు మొబైల్ యాప్‌లో జరుగుతుంది, కుటుంబాలు తామే వివరాలు నింపుకునే వీలూ ఉంది. ఇంటర్నెట్ సౌకర్యం, ఇంట్లో ప్రధానంగా తినే ధాన్యం వంటివీ ప్రశ్నల్లో ఉన్నాయి. 1931 తర్వాత తొలిసారి అన్ని కులాల వివరాలూ సేకరిస్తారు. ఎన్యూమరేటరు గుమ్మంలోకి వచ్చినప్పుడు నెలల బిడ్డను, వెనుక పోర్షన్‌లో ఒంటరిగా ఉండే వృద్ధురాలిని, మేడ మీద గదిలో అద్దెకున్న కుర్రాళ్లను, సముద్రం మీదకు వెళ్లిన మనిషిని తప్పకుండా చెప్పండి.